బండి సంగతులు: ఎత్తు పెంచిన పికప్‌కు మంచు టైర్లు

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు కెనడాలోని కాల్గరీలో ఉంటారు. ఈ ఎండాకాలంలో అల్లుడు సెకండ్ హ్యాండ్‌లో ఫోర్డ్ ఎఫ్-150 పికప్ కొన్నాడు. పాత ఓనరు దాన్ని ఆరంగుళాలు లిఫ్ట్ చేయించి, 35 అంగుళాల మడ్ టైర్లు వేయించాడట. వీడియో కాల్‌లో చూస్తే లారీలా ఉంది. అమ్మాయికి ఇప్పుడు ఐదో నెల. మంచు టైర్లు వేయించమని అది పోరుతుంటే, అల్లుడేమో "ఫోర్ బై ఫోర్ బండి, ఇంత లోతు గాడులున్న టైర్లు, ఇంకేం కావాలి?" అంటున్నాడు. జనవరిలో పురిటికి నేను వెళ్తున్నాను. నాకు ఒకటే టెన్షన్. మీరు అక్కడ పనిచేశానని ఒకసారి రాశారు. టైర్లు నిజంగా మార్చాలా? మారిస్తే ఏవి కొనమని చెప్పాలి?
– ఒక తల్లి, రామమూర్తి నగర్, బెంగళూరు

జవాబు: మార్చాలమ్మా. మీ అమ్మాయి సరిగ్గానే అడుగుతోంది. ఈ పేజీని ఫొటో తీసి అల్లుడికి వాట్సాప్‌లో పంపండి. ఇకమీదట రాసేదంతా అతనికే రాస్తున్నాననుకోండి.

కె.ఆర్. పురంలో ఈ అలైన్‌మెంట్ షాపు పెట్టకముందు ఆరు చలికాలాలు నేను కాల్గరీలో ఒక టైర్ల షాపులో పనిచేశాను. మొదటి ఏడాది డిసెంబరులో గోడౌన్ నుంచి సరుకు తెమ్మని నన్ను పంపారు. షాపు బండి కూడా మీ అల్లుడి బండి లాంటిదే. ఎత్తు పెంచిన పికప్, మడ్ టైర్లు. ఫోర్ వీల్ వేసుకుని బయల్దేరితే మంచులో ఎక్కడా ఇరుక్కోలేదు, చక్రం తిరగడం లేదన్న మాటే లేదు. నాకు ధైర్యం వచ్చేసింది. పల్లంలో ఒక సిగ్నలు దగ్గర ఎరుపు పడింది. స్పీడు ముప్పై కూడా లేదు. బ్రేకు తొక్కాను. కాలి కింద ఏబీఎస్, అంటే బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు, గడగడలాడింది కానీ బండి ఆగలేదు, నింపాదిగా జారుకుంటూ కూడలి మధ్యలోకి వెళ్ళిపోయింది. పక్క రోడ్డు నుంచి వస్తున్న చిన్న కారావిడ నన్ను చూసి బ్రేకు వేసింది. ఆమె కారు నాకు రెండడుగుల దూరంలో ఆగింది. వెనక సీట్లో ఒక పాప ఉంది. ఆ కారుకు మంచు టైర్లు ఉన్నాయి. ఆ పాప ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. అందుకే ఈ విషయం ఎవరు అడిగినా ఇంత గట్టిగా చెప్తాను.

ఫోర్ బై ఫోర్ అంటే ఇంజను బలం నాలుగు చక్రాలకూ అందడం. అది బండి కదలడానికి పనికొస్తుంది, ఆగడానికి పనికిరాదు. బ్రేకులు ప్రతి కారుకూ నాలుగు చక్రాలకే ఉంటాయి. ఆపే పని టైరు రబ్బరుది. ఇక్కడ బెంగళూరులో డిసెంబరు పొద్దున 14 డిగ్రీలకే మనం స్వెటర్లు తీస్తాం, టైరుకు మాత్రం ఆ చలి లెక్కలోకే రాదు. 7 డిగ్రీల కంటే కిందకు పోతే మామూలు టైరు రబ్బరు బిగుసుకోవడం మొదలవుతుంది. చలికాలంలో కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టుకుపోతుంది కదా, అలాగే. మైనస్ 20లో అది రోడ్డును పట్టుకోదు. మంచు టైరు రబ్బరు మాత్రం ఆ చలిలో కూడా మెత్తగానే ఉంటుంది.

మడ్ టైరుతో ఇంకో చిక్కుంది. దాని మీద రబ్బరు దిమ్మలు పెద్దవి, మధ్య సందులు వెడల్పు. అప్పుడే పడిన లోతు మంచును అది బాగానే తవ్వుకుంటూ పోతుంది. అయితే ఊళ్ళో రోడ్డు మీద ఉండేది ఆ మంచు కాదు. వందల బండ్లు తొక్కి గట్టిపడి, గాజులా మెరిసేది. దాని పైన కంటికి కనిపించనంత పల్చటి నీటి పొర ఉంటుంది, జారేది దానివల్లే. మంచు టైరు దిమ్మల నిండా కత్తితో గీసినట్టు సన్నని కోతలుంటాయి. అవి ఆ నీటిని తుడిచేసి, అంచులతో మంచును పట్టుకుంటాయి. చాలా మడ్ టైర్లకు ఈ కోతలు ఉండవు, ఉన్నా ఏవో నాలుగు.

కాల్గరీకి ఇంకో గుణం కూడా ఉంది. చినూక్ అని కొండల మీద నుంచి వెచ్చటి గాలి వీస్తుంది. నిన్న మైనస్ 20, ఇవాళ మధ్యాహ్నం ప్లస్ 8. మంచంతా కరిగి రోడ్డు మీద పారుతుంది, రాత్రికి అదే అద్దంలా గడ్డకడుతుంది. అక్కడ నేను చూసిన గుద్దుకున్న బండ్లలో ఎక్కువ భాగం మంచు కురిసిన రోజువి కావు, చినూక్ వెళ్ళిన మర్నాడు పొద్దున్నవి.

ఇక ఏ సైజు కొనాలన్నది. మీ అల్లుడికి నచ్చని మాట ఇదే. 35 అంగుళాలు వద్దు. ఆ సైజులో అసలైన మంచు టైర్లు దొరకడమే కష్టం. పైగా వాటి వెడల్పు 12.5 అంగుళాలు. మన ఊళ్ళల్లో ఎడ్లబండి చక్రం సన్నగా ఎందుకుండేదో అతనికి గుర్తు చేయండి. సన్నటి చక్రం బురదను కోసుకుని కింద గట్టి నేలను అందుకుంటుంది. ఊళ్ళో మంచుకూ అదే లెక్క. వెడల్పు టైరు బురద మంచు మీద తేలుతుంది, సన్నది కోసుకుని తారును చేరుతుంది. అందుకని 18 అంగుళాల రిమ్ములు ఇంకో సెట్టు కొని, వాటికి 275/70 ఆర్ 18 వేయించమనండి. అది దాదాపు 33 అంగుళాల ఎత్తు, 11 అంగుళాలకు కాస్త తక్కువ వెడల్పు. చక్రాల గూట్లో టైరు చిన్నగా కనిపిస్తుంది, నిజమే. అయిదు నెలలు అలాగే కనిపించనివ్వండి.

రిమ్ములు కొనేముందు ఒక్కటి తప్పకుండా చూడాలి. ఆరంగుళాల లిఫ్ట్ కిట్లలో చాలావాటికి ముందు చక్రాలను పట్టి ఉంచే నకిల్స్ అనే ఇనుప భాగాలను మార్చేస్తారు. వాటికి కంపెనీ ఇచ్చిన రిమ్ము లోపలివైపు తగిలి ఒరుసుకోవచ్చు. కిట్ తయారీదారు కనీసం ఏ సైజు రిమ్ము, ఎంత ఆఫ్‌సెట్ (రిమ్ము లోపలికో బయటికో ఎంత జరిగి కూర్చోవాలన్న కొలత) అని రాసి ఉంచుతాడు. పాత ఓనరుకు ఫోన్ చేసి కిట్ ఏదో కనుక్కోమనండి. ఎఫ్-150కి ఆరు బోల్టులు, ఆ బోల్టుల వలయం అడ్డకొలత 135 మిల్లీమీటర్లు. వేరే పికప్ రిమ్ము చవగ్గా వస్తోందని కొంటే ఎక్కదు. రిమ్ములతో పాటు గాలి తెలిపే సెన్సర్లు కూడా వేయించాలి.

స్పీడోమీటరు గురించి కూడా అడగాలి. పాత ఓనరు దాన్ని 35 అంగుళాలకు సరిచేయించి ఉంటే, చిన్న టైర్లతో మీటరు 100 చూపించినప్పుడు అసలు స్పీడు 95 దాకా ఉంటుంది. దానివల్ల ప్రమాదం లేదు. సరిచేయించకపోతే మాత్రం ఇప్పుడు ఆ పెద్ద టైర్లతో మీటరు 100 అంటుంటే బండి 109 దాకా పోతోందన్నమాట!

టైరు పక్కన మూడు శిఖరాల కొండ, లోపల మంచుపూవు గుర్తు ఉందో లేదో చూడాలి. ఎం ప్లస్ ఎస్ (మడ్ అండ్ స్నో, అంటే బురద, మంచు) అని మాత్రమే ఉంటే అది గాడుల ఆకారం గురించిన మాటే, దాని వెనక ఏ పరీక్షా లేదు. కొండ గుర్తుకు పరీక్ష ఉంది. కానీ అది మంచు మీద బండి ముందుకు లాగే పట్టును కొలిచేది, గాజు మంచు మీద ఆగడాన్ని కాదు. అందుకే కేఓ2, వైల్డ్‌పీక్ ఏటీ3డబ్ల్యూ లాంటి ఆల్ టెర్రెయిన్ (అన్ని రకాల దారులకూ చేసిన) టైర్లకు ఆ గుర్తున్నా నేను వాటిని రెండో మెట్టు మీదే పెడతాను. అల్లుడు ససేమిరా అంటే కనీసం అవైనా వేయించమనండి, మడ్ టైర్ల కంటే ఎంతో నయం. నా మాట వింటే మాత్రం బ్రిడ్జ్‌స్టోన్ బ్లిజాక్, నోకియన్ హక్కపెలిట్టా లాంటి పుట్టు మంచు టైర్లే. నోకియన్ వాళ్ళు ఫిన్లండ్‌లో 1930లలోనే ఈ పని మొదలుపెట్టారు, బ్లిజాక్ 1988లో జపాన్‌లో వచ్చింది. మేకుల టైర్లు కాల్గరీ ఉన్న అల్బర్టా రాష్ట్రంలో వేసుకోవచ్చు. కానీ చినూక్ వల్ల వట్టి తారు మీద నడిచే రోజులు చాలా ఉంటాయి, వట్టి తారు మీద మేకుల పట్టు తక్కువ. మేకులు లేనివే తీసుకోమనండి.

ట్రెయిలర్ లాగడం, బరువు మోయడం ఉంటేనే పది ప్లైల ఎల్‌టీ టైరు, అంటే ఎక్కువ బరువుకు చేసిన గట్టి టైరు. ఆఫీసుకూ ఆస్పత్రికీ అయితే మామూలు లోడ్ టైరే మెత్తగా కూర్చుంటుంది. నాలుగూ ఒకటే రకం ఉండాలి. వెనక రెండే మార్చి సరిపెట్టకూడదు. అలా చేస్తే ఆగాల్సిన చోట, తిరగాల్సిన చోట ముందు చక్రాలు మాట వినవు. వాడిన టైర్లు కొనేపనైతే గాడి లోతు 4 మిల్లీమీటర్ల కంటే బాగా ఎక్కువ ఉండాలి. టైరు పక్కన ఉండే నాలుగంకెలు కూడా చదవాలి. 3624 అంటే 2024లో 36వ వారం తయారైందని.

ఖాళీ పికప్‌కు వెనక బరువుండదు. వెనక ఇరుసుకు సరిగ్గా పైన నాలుగు ఇసుక బస్తాలు వేసి, కదలకుండా కట్టేయాలి. వదులుగా వదిలేస్తే బ్రేకు వేసినప్పుడు అవే ముందుకు దూసుకొస్తాయి. పండక్కి కొండలు దాటి బ్రిటిష్ కొలంబియా వైపు వెళ్ళేపనైతే, అక్కడ చాలా హైవేల మీద అక్టోబరు 1 నుంచి చలికాలం టైర్లు చట్టప్రకారం ఉండాల్సిందే. అల్బర్టాలో ఆ చట్టం లేదు. బహుశా అల్లుడి ధైర్యానికి అదీ ఒక కారణం.

అపాయింట్‌మెంట్ ఈ వారమే తీసుకోమనండి. మొదటి మంచు పడిన మర్నాడు అక్కడ టైర్ల షాపుల ముందు ఎంత వరస ఉంటుందో నేను లోపల నిలబడి చూశాను.

ప్రశ్న: నాది ఇసుజు వి-క్రాస్, రెండంగుళాలు లిఫ్ట్ చేయించాను. జనవరిలో ఫ్రెండ్స్‌తో మనాలీ మీదుగా స్పితి వెళ్తున్నాం. బెంగళూరులో మంచు టైర్లు దొరకడం లేదు. బయటి నుంచి తెప్పించమంటారా?
– మారతహళ్ళి

జవాబు: వద్దు తమ్ముడూ. ఇక్కడి నుంచి మనాలీకి రెండున్నర వేల కిలోమీటర్లకు పైనే. నాగపూర్ ఎండలో ఆ మెత్తటి రబ్బరు అరిగిపోతుంది, స్పీడులో బండి మెత్తగా ఊగుతుంది కూడా. కొండ గుర్తున్న ఆల్ టెర్రెయిన్ టైర్లు వేసుకుని, మీ టైరు సైజుకు సరిపోయే చెయిన్లు తీసుకెళ్ళు. ఇంటి ముందే రెండుసార్లు తొడిగి చూసుకో. చక్రం ఇటు చివరి నుంచి అటు చివరికి తిప్పి, గొలుసు బ్రేకు గొట్టానికీ సస్పెన్షన్‌కూ తగలడం లేదని చూడాలి. చెయిన్లతో నలభై దాటకు. తారు కనిపించగానే విప్పేయ్.

అంతకంటే ముఖ్యం, జనవరిలో మనాలీ నుంచి స్పితికి దారి ఉండదు. అటల్ టన్నెల్ దాటినా కుంజుమ్ కనుమ మూసి ఉంటుంది. షిమ్లా, కిన్నౌర్ మీదుగా స్పితిలోని కాజా వెళ్ళాలి. లిఫ్ట్ గురించి ఒక మాట. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మీద సుప్రీంకోర్టు 2019లో గట్టిగా చెప్పింది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు దగ్గర పేచీ వస్తుంది. బయల్దేరేముందే ఆలోచించుకో.

ప్రశ్న: చలి దేశాల్లో టైర్లలో నైట్రోజన్ నింపితే గాలి తగ్గదంటారు. షికాగోలో ఉన్న మా తమ్ముడికి చెప్పవచ్చా?
– హోసూరు రోడ్డు

జవాబు: తగ్గుతుందండీ. చలికి నైట్రోజనూ మామూలు గాలీ ఒకేలా ముడుచుకుంటాయి. సుమారు అయిదున్నర డిగ్రీలు పడిపోతే ఒక పీఎస్ఐ పోతుంది. వెచ్చటి గ్యారేజీలో 20 డిగ్రీల దగ్గర 35 నింపి, మైనస్ 20లోకి తీసుకెళ్తే గేజి 28 చూపిస్తుంది. పైన కాల్గరీ అల్లుడికి కూడా ఇదే వర్తిస్తుంది. గేజి ఒకటి కొని బండిలో పెట్టుకుని, బయట రాత్రంతా నిలిపిన బండికి పొద్దున్నే, కదిలించకముందు చూసి నింపుకోమని చెప్పండి.