సంతకం చేసిన ప్రోగ్రామ్ తిరిగి రావాలంటే

లండన్‌లో నాటకశాలలుండే వెస్ట్ ఎండ్ నటులకు, సంతకం చేసి పంపమని నాటకం ప్రోగ్రామ్ (నటుల వివరాలుండే చిన్న పుస్తకం) పెట్టి మూడు ఉత్తరాలు రాస్తే ఒక్క ప్రోగ్రామూ తిరిగి రాలేదన్నారు. లోపం బహుశా మీ ఉత్తరంలో లేదు, తిరుగు కవరు మీద అంటించిన మన స్టాంపుల్లో ఉంది. అవి అక్కడ చెల్లవు.

1. తిరుగు కవరుకు రాయల్ మెయిల్ (బ్రిటన్ తపాలా సంస్థ) స్టాంపులే కావాలి, ఇండియాకు సరిపడా విలువతో. అక్కడున్న బంధువుల చేత కొనిపించుకోండి. ఎవరైనా పాతవి ఇస్తే జాగ్రత్త: రాణి బొమ్మతో, బార్‌కోడ్ లేకుండా ఉండే మామూలు స్టాంపులు 2023 జులై 31 తర్వాత చెల్లవు. కవరులో ప్రోగ్రామ్ మడత పడకుండా పట్టాలి, వెనక ఓ అట్టముక్క పెట్టండి.

2. చిరునామా: నటుడి పేరు, కింద "స్టేజ్ డోర్" (నటులు వచ్చిపోయే ద్వారం) అని, తర్వాత థియేటర్ పేరు. ప్రదర్శనలు ముగిసేలోపు చేరాలి.

3. ఉత్తరం అరపేజీ చాలు. నచ్చిన సన్నివేశం గురించి ఒక మాట, "వీలైతే సంతకం చేయగలరా" అని ఒక మాట. పొగడ్తల దండకం వద్దు.