మూడు వారాలకే మాడిన క్లచ్ ప్లేట్: షాపుదా, మెకానిక్‌దా తప్పు?

ప్రశ్న: మాది పెదకాకాని. 2010 మోడల్ బొలేరో పికప్ నేనే నడుపుకుంటూ గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు (మిర్చి బస్తాలు) తోలుతుంటాను. విజయవాడ ఆటోనగర్‌లో ఒక షాపువాళ్లు ‘కంపెనీ సెట్టే’ అంటే రూ.6,800 ఫోన్‌పే చేసి క్లచ్ సెట్ కొన్నాను. మా మెకానిక్ రూ.2,500 కూలి తీసుకుని బిగించాడు. 22 రోజులకే కాజ టోల్‌గేట్ దగ్గర లోడుతో ఆగిన బండి ఇక ముందుకు కదల్లేదు. ఇంజిన్ అరుపే తప్ప చక్రం తిరగలేదు. విప్పి చూస్తే ప్లేట్ మాడిపోయింది. బిగించడంలోనే తప్పుందని షాపువాళ్లు, సరుకే డూప్లికేట్ అని మెకానిక్ అంటున్నారు. షాపు చీటీ మీద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని ఉంది. గేర్‌బాక్స్ దించిన కూలి ఇస్తేగానీ బండి వదలనని మెకానిక్ పట్టుబట్టాడు. ఎవరి మీద కేసు వేయాలి? రెండోసారి ఏ సెట్ కొనాలి?

జవాబు: కేసు సంగతి తర్వాత. ఇవాళే మెకానిక్ దగ్గరికి వెళ్లి మాడిన ప్లేట్, దాన్ని నొక్కి పట్టే ప్రెషర్ ప్లేట్, క్లచ్ తొక్కినప్పుడు విడిపించే రిలీజ్ బేరింగ్, అవి వచ్చిన అట్టపెట్టె తెచ్చుకుని ఇంట్లో భద్రంగా పెట్టండి. ‘కంపెనీకి పంపి చూస్తాం’ అని షాపువాళ్లు అడిగినా రసీదు లేకుండా ఇవ్వొద్దు. ఇలాంటి గొడవతోనే నా దగ్గరికి వచ్చిన ఒకాయన పాత ప్లేట్‌ను అప్పటికే ఇనుప సామానుకు వేసేశాడు. న్యాయం ఆయన పక్షానే ఉందని నాకు నమ్మకమే, కానీ చూపించడానికి చేతిలో ఏమీ మిగల్లేదు.

ఆ ప్లేటే మీ మొదటి సాక్షి. మంచి వెలుతురులో తిప్పి చూడండి, ఫొటోలు తీయండి. లైనింగ్ (ప్లేట్ మీది రాపిడి పొర) ఇంకా మందంగానే ఉండి, రివెట్ల దగ్గర ఊడో ముక్కలుగా విరిగో ఉంటే అనుమానం సరుకు మీదికి పోతుంది. ప్లేట్ నూనెతో తడిసి ఉంటే ఇంజిన్ వెనక ఆయిల్ సీల్ కారుతోందన్నమాట. గేర్‌బాక్స్ దించినప్పుడు అది చూడాల్సింది మెకానిక్కే. ప్రెషర్ ప్లేట్, ఫ్లైవీల్ (ప్లేట్ ఆనుకునే ఇంజిన్ చక్రం) ముఖాల మీద నీలం మచ్చలుంటే విపరీతంగా వేడెక్కినట్టు. అరిగిన ఫ్లైవీల్‌ను లేత్ మీద సాపు చేయించకుండా బిగించినా, హాఫ్ క్లచ్‌లో, అంటే పెడల్ సగం తొక్కి ఉంచి నడిపినా, అధిక లోడు వేసినా ఆ గతే పడుతుంది. అధిక లోడు మాట షాపువాళ్లు తప్పకుండా ఎత్తుతారు. అందుకే ఆ 22 రోజుల కాటా చీటీలన్నీ ఏరి పెట్టుకోండి. బరువు ఆర్‌సీలో ఉన్న పరిమితికి లోపలే ఉంటే ఆ వాదన నిలవదు. దాటి ఉంటే మాత్రం మీ కేసు బలహీనపడుతుంది. అది మీ లాయరు దగ్గర దాచొద్దు.

ఇక ‘కిరాయికి తిప్పే బండి కదా, వినియోగదారుడి కిందికి రావు’ అని భయపెట్టేవాళ్లుంటారు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వ్యాపారం కోసం కొన్నవాళ్లను పక్కన పెట్టిన మాట నిజమే. కానీ స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికి కొన్నవాళ్లను అదే చట్టం లోపలికి తీసుకుంది. లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో 1995లోనే సుప్రీంకోర్టు, ట్రక్కు కొని తానే తోలుకునేవాడు వినియోగదారుడేననీ, సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నంత మాత్రాన ఆ హక్కు పోదనీ చెప్పింది. బండిని పూర్తిగా వేరే మనిషి చేత నడిపించేవాళ్లకు ఈ వెసులుబాటు లేదు. మీరే తోలుతున్నారు కనుక మీకు ఇబ్బంది లేదు.

ఎవరి మీద అని అడిగారు. ఇద్దరి మీదా. లోపం సరుకులో ఉందో పనిలో ఉందో మీకు మీరు తేల్చుకుని ఒకరిని వదిలేస్తే, రేపు తప్పు ఆ రెండోవాడిదని తేలినప్పుడు మీ చేతికి ఏమీ రాదు. పరీక్ష లేకుండా తేలని లోపమైతే వినియోగదారుల కమిషనే ఆ వస్తువును సీలు వేయించి ల్యాబ్‌కు పంపించే ఏర్పాటు అదే 2019 చట్టం 38వ సెక్షన్‌లో ఉంది. మీ దగ్గర ప్లేట్ ఉండాలని అంతగా చెప్పింది ఇందుకే.

కొన్నది విజయవాడలో అయినా మీరు కృష్ణ దాటి వెళ్లక్కర్లేదు. మీరు ఉంటున్న జిల్లాలోనే, అంటే గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేసుకోవచ్చు. గడువు రెండేళ్లు. కొన్న ధర రూ.5 లక్షలు దాటనిదానికి ఫీజు లేదు, లాయరును పెట్టుకోవడం తప్పనిసరి కాదు. అంతకన్నా ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, ఇద్దరికీ స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. చాలా గొడవలు ఆ నోటీసుతోనే తెగుతాయి.

‘వాపసు తీసుకోబడదు’ అన్న ముద్ర చూసి వెనక్కి తగ్గకండి. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులో, గడువే లేకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం అక్రమ వ్యాపార పద్ధతి అని చట్టం స్పష్టంగా అంటోంది. బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. మీ చేతిలో ఉన్నది చీటీయే అయినా, ఫోన్‌పే రికార్డు కొన్న రోజునూ ధరనూ చెబుతుంది.

మెకానిక్ బండి పట్టుకోవడం మీకు అన్యాయంగా తోస్తుంది, కానీ అతనికీ చట్టం కొంత అండగా ఉంది. వస్తువు మీద శ్రమ పెట్టినవాడు ఆ కూలి అందేదాకా దాన్ని అట్టే పెట్టుకోవచ్చని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ చెబుతోంది. అయితే ఈసారి చేసిన పనికి మాత్రమే. పాత బాకీల కోసం కుదరదు. నా సలహా ఏమంటే, ‘నా హక్కులు వదులుకోకుండా, అభ్యంతరంతో ఇస్తున్నాను’ అని రాసి, సంతకం తీసుకుని ఆ కూలి కట్టేయండి. తప్పు అతనిదని తేలితే అదీ వసూలు చేయొచ్చు. బండి నెల్లాళ్లు షెడ్డులో పెట్టి ఆ నష్టమంతా ఇప్పించమంటే, తగ్గించుకునే దారి ఉండీ ఎందుకు తగ్గించుకోలేదని అడుగుతారు. పోయిన కిరాయిలకు కూడా లెక్క రాసి పెట్టుకోండి, నోటిమాట చెల్లదు.

రెండో సెట్ సంగతి. ఏ కంపెనీది కొనాలో నేను చెప్పను, ఎలా అడగాలో చెబుతాను. మీ హక్కు పుట్టేది కౌంటర్ దగ్గర మీ నోటి వెంట వచ్చే మాటలోనే. ‘ఫలానా కంపెనీ, ఫలానా నంబరు సెట్ ఇవ్వండి’ అని మీరే తేల్చి అడిగితే, అది మీ పనికి సరిపోతుందన్న పూచీ షాపు మీద ఉండదు. నాసిరకం కాకూడదన్న బాధ్యత మాత్రం ఉంటుంది. అదే ‘ఇది 2010 బొలేరో పికప్, ఇదిగో ఆర్‌సీ, మిర్చి లోడు తోలతాను, దీనికి పనికొచ్చేది మీరే ఇవ్వండి’ అంటే, 1930 నాటి వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్ ప్రకారం సరిపోయేది ఇవ్వాల్సిన బాధ్యత ఆ వ్యాపారిదే అవుతుంది. పాత బండ్లకు ఇది మరీ ముఖ్యం. బండి పేరు ఒకటే అయినా ఏళ్లు గడిచేకొద్దీ ఇంజిన్లు మారాయి, వాటితో ప్లేట్ వ్యాసం, మధ్యలో పళ్ల లెక్క కూడా మారొచ్చు. పాత ప్లేట్ పక్కన కొత్తది పెట్టి కొలవకుండా డబ్బు కట్టకండి. ప్లేట్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ మూడూ కలిపే కొనండి. పెట్టె మీద తయారీదారు పేరు, చిరునామా, నెల, సంవత్సరం, ఎంఆర్‌పీ లేనిది ముట్టుకోవద్దు.

బిల్లు మీద బండి మోడల్, ఛాసిస్ నంబరు, పార్టు నంబరు రాయించండి. మెకానిక్ చేత కూడా ఒక కాగితం మీద, ఫ్లైవీల్ సాపు చేయించాడో లేదో, ఆయిల్ సీల్ చూశాడో మార్చాడో, తేదీ వేసి రాయించుకోండి. రాయనంటే గేర్‌బాక్స్ ఎక్కించకముందే ఫ్లైవీల్, సీల్ కనబడేలా ఫోన్‌లో వీడియో తీయండి.