అద్దె ఇంట్లో నీళ్లు కారుతుంటే

చి. సురేష్‌కి,

మామయ్య ఆశీస్సులు. మీ బాత్రూం గోడకు ఇవతల పడగ్గదిలో చెమ్మ పాకుతోందనీ, ఓనరు గారు "నీళ్లు వాడేది మీరే కదా, మీరే బాగు చేయించుకోండి" అన్నారనీ మీ అమ్మ చెప్పింది. నేను అద్దెకున్నాను, ఇల్లు అద్దెకిచ్చాను కూడా. అందుకని ఇద్దరి బాధా తెలుసు.

ఖర్చు ఎవరిదన్నది తర్వాత తేల్చుకోవచ్చు. నీళ్లు ఆపడం, ఓనరుకు చెప్పడం మాత్రం ఇంట్లో ఉన్నవాళ్ల పనే. గోడలో పైపు పగిలితే ఆ తప్పు నీది కాదు. కానీ తెలిసి కూడా నెలరోజులు ఊరుకున్నావనుకో, ఆలోగా ఉబ్బిన తలుపుకీ రాలిన పెచ్చులకీ నిన్నే అడుగుతారు, అడగడంలో న్యాయం కూడా ఉంది. తడిసిన చోటు 24 నుంచి 48 గంటల్లో ఆరకపోతే బూజు పట్టడం మొదలవుతుంది. పిల్లాడికి ఆయాసం ఉంది కదా, వాణ్ణి ఆ గదిలో పడుకోబెట్టకండి. మెయిన్ వాల్వు ఎక్కడుందో ఈరోజే చూసి పెట్టుకో. చెమ్మ స్విచ్‌బోర్డు దాకా వస్తే కరెంటు మెయిన్ కట్టేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి.

ఇక నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో కనిపెట్టాలి. సగం తగవు అక్కడే తీరిపోతుంది. కుళాయిలన్నీ కట్టేసి మీటరు రీడింగు రాసుకో. రెండు గంటలపాటు ఎవరూ నీళ్లు వాడకుండా ఉండి మళ్లీ చూడు. అంకె కదిలితే మీటరు దాటాక ఏదో పైపో, ఫ్లష్ ట్యాంకో కారుతోందన్నమాట. ఫ్లష్ ట్యాంకు నీళ్లలో కాస్త తినే రంగు కలిపి అరగంట ఫ్లష్ చేయకుండా ఆగు. రంగు కింద కమోడ్‌లోకి దిగితే ట్యాంకు లోపలి వాషరు పోయినట్టే. మీటరు కదలకపోతే డ్రైనేజీ పైపునో, టైల్స్ సందుల్నో, పై అంతస్తునో అనుమానించాలి. గోడ మీద చెమ్మ అంచు వెంట పెన్సిలుతో గీత గీసి తేదీ వెయ్యి. స్నానం చేసినప్పుడే పెరుగుతోందా, వాన పడినప్పుడా అన్నది నాలుగు రోజుల్లో ఆ గీతే చెబుతుంది.

మామూలుగా గోడలో పైపులు, స్లాబు, డ్రైనేజీ, కాలం చెల్లి అరిగిపోయినవి ఓనరువి. నువ్వు మేకు కొట్టి పైపుకు చిల్లు పెట్టినా, వాషింగ్ మెషీన్ గొట్టం సరిగా బిగించక ఊడిపోయినా ఖర్చు నీది. వాషర్ల లాంటి చిన్న రిపేర్లకు అగ్రిమెంటులో ఏం రాసుందో చూడు. నన్నడిగితే వాషరు దగ్గర పంతానికి పోవద్దంటాను. సెకనుకో చుక్క కారే కుళాయి నుంచి రోజుకు దాదాపు 20 లీటర్లు పోతాయి, మీరు వాదించుకుంటున్నంతసేపూ అది కారుతూనే ఉంటుంది. చట్టం ఓనరు మీద పెట్టిన బాధ్యతను అగ్రిమెంటులో ఒక లైను రాసి వదిలించుకోవడం కొన్నిచోట్ల చెల్లదు. మీ దగ్గరి అద్దె చట్టం ఏమంటుందో తెలిసినవాళ్లను అడుగు.

ఫోన్లో ఎంత చెప్పినా మెసేజో మెయిలో తప్పకుండా పెట్టు. "ఫలానా తేదీన పడగ్గది గోడకు చెమ్మ గమనించాను. ఫొటోలు, మీటరు రీడింగులు జత చేశాను. ప్లంబర్‌ని ఎప్పుడు పంపుతారో చెబితే ఇంట్లో ఉంటాను" అంటే చాలు, నిష్ఠూరాలు వద్దు. ప్లంబర్ వస్తానన్నప్పుడు తలుపు తియ్యడం నీ బాధ్యత, ముందుగా చెప్పి రావడం వాళ్ల బాధ్యత. కోపం వచ్చి అద్దె మాత్రం ఆపకు, బాకీదారువి నువ్వే అవుతావు. నువ్వే బాగు చేయించి అద్దెలో తగ్గించుకోవాలనుకుంటే ముందు ఓనరు ఒప్పుకున్నట్టు రాతలో తీసుకో, బిల్లు దాచు.

పై ఇంటి నుంచి దిగుతున్నట్టు తేలితే ఆ ఇంటివాళ్లకు నువ్వు కూడా మర్యాదగా ఒక మాట చెప్పు, మిగతాది ఓనర్లిద్దరూ చూసుకోవాలి. ఓనరుకు ఇన్సూరెన్స్ ఉన్నా అది మామూలుగా ఇంటి కట్టడానికే వర్తిస్తుంది. నీ మంచం, పుస్తకాలు అందులోకి రావు, వాటిని ఆ గోడకు దూరంగా జరుపు.

లీకు ఆగిందనగానే పెయింటు వేయించేస్తామంటారు. ఒప్పుకోకు. గోడ పూర్తిగా ఆరక ముందే రంగు వేస్తే మళ్లీ పొరలు లేస్తుంది. ఆరడానికి వారాలు పట్టినా ఆగమను.

రెండు రీడింగులూ తీశాక నాకు ఫోన్ చెయ్యి. ఓనరుకు పంపబోయే మెసేజ్ ముందు నాకు పెడితే చూసి చెబుతాను.

ఇట్లు,
మామయ్య