అమ్మ చేతులు పని వెతుక్కుంటున్నాయి

ప్రశ్న: మా అమ్మకు 71 ఏళ్లు. 30 ఏళ్లు ఇంట్లోనే మిషను మీద జాకెట్లు కుట్టి మమ్మల్ని చదివించింది. రెండేళ్ల కిందట అల్జీమర్స్ అన్నారు. పొద్దస్తమానం అల్మరాలోని బట్టలన్నీ లాగి కింద పడేస్తుంది. సాయంత్రమైతే ‘ఇంటికి పోతా’ అని గుమ్మం దగ్గర నిలబడుతుంది. కాలక్షేపానికని ఆన్‌లైన్‌లో పజిల్స్, రంగుల పుస్తకాలు తెప్పిస్తే ‘నేనేమైనా చిన్నపిల్లనా’ అని విసిరికొట్టింది. నేను ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నాను. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: మీ అమ్మగారన్న ఆ మాటలోనే మీ ప్రశ్నకు సగం జవాబుంది. ఆవిడకు జ్ఞాపకం తగ్గింది గానీ అభిమానం తగ్గలేదు. అల్జీమర్స్ సాధారణంగా ముందు దెబ్బతీసేది కొత్త విషయాలను గుర్తుంచుకునే శక్తిని. పజిల్ ఆవిడకు కొత్త చదువు. చేతికి అలవాటైన పని అలా కాదు, చాలాకాలం నిలుస్తుంది.

మా మేనత్తకు చివరి రోజుల్లో మా ఎవరి పేర్లూ గుర్తుండేవి కావు. ఒళ్లో కాస్త పత్తి పెడితే మాత్రం వేలికి విభూది అద్దుకుని వత్తులు చేసేది. అన్నీ ఒకే పొడవు. అయిపోయాక డబ్బా మూత పెట్టి, ‘ఇక తీసుకో’ అన్నట్టు నా వైపు జరిపేది.

అల్మరా సంగతీ అలాగే చూడండి. జీవితమంతా బట్టతో గడిపిన మనిషి. ఒక బుట్టలో జాకెట్ ముక్కలు, లైనింగు గుడ్డలు, లేసులు, కొలత టేపు వేసి ఆవిడ ముందు పెట్టండి. ‘అమ్మా, ఇవి రంగులవారీగా మడిచిపెట్టవూ, నాకు టైం చాలడం లేదు’ అని సాయం అడగండి. మడత వంకరగా వచ్చినా ఆవిడ చూస్తుండగా సరిచేయకండి. రేపు అదే బుట్ట మళ్లీ ఇవ్వొచ్చు. 20 నిమిషాలు కూర్చున్నా చాలు, విసుక్కుంటే తీసేయండి. కత్తెర, సూదులు, హుక్కులు అందకుండా దాచండి. పాత మిషను ఉంటే సూది తీసేసి, మీరు పక్కనున్నప్పుడు ముందు కూర్చోబెట్టండి. వంటింట్లో చిక్కుడుకాయల ఈనెలు తీయడం, కరివేపాకు దూయడం కూడా ఆవిడకు తెలిసిన పనులే.

కొనాలనుకుంటే తేదీ, వారం పెద్ద అక్షరాల్లో కనిపించే గడియారం పనికొస్తుంది. జిప్పులు, పెద్ద బొత్తాలు, రిబ్బన్లు కుట్టిన దుప్పట్లు కూడా దొరుకుతున్నాయి, చేతులు ఊరుకోనప్పుడు తడుముకోవడానికి. అది మాత్రం కొనకండి. ఆవిడ పాత చీర మీద మీరే కుట్టండి, ఆ మెత్తదనం చేతికి తెలుస్తుంది. టీవీ కట్టేసి 1970ల పాటలు పెట్టండి. ఫొటోలు చూపిస్తూ ‘ఇదెవరో చెప్పు’ అని పరీక్ష పెట్టొద్దు. ‘ఇది పెద్దక్క పెళ్లి కదా’ అని మీరే మొదలుపెట్టండి.

సాయంత్రం గుబులు ఈ జబ్బులో చాలామందికి ఉంటుంది. చీకటి పడకముందే లైట్లు వేయండి. ‘ఇదే మన ఇల్లు’ అని వాదిస్తే గుబులు పెరుగుతుంది. ‘ఇంట్లో ఎవరెవరున్నారమ్మా’ అని అడిగి, మాటల్లో పెట్టి టీ చేతికివ్వండి. మీ ఫోన్ నంబరు రాసిన చీటీ ఆవిడ దగ్గర ఎప్పుడూ ఉండాలి. ఒకటి రెండు రోజుల్లోనే ఉన్నట్టుండి తికమక పెరిగితే మాత్రం వెంటనే డాక్టరుకు చూపించండి, మూత్రంలో ఇన్ఫెక్షన్ వల్ల కూడా అలా అవుతుంది.

మీ నిద్ర గురించి కూడా పట్టించుకోవాలి. పెద్దల సంరక్షణపై సలహాకు ఎల్డర్ లైన్ 14567, మీ మనసులో భారం చెప్పుకోవడానికి టెలీ మానస్ 14416 ఉన్నాయి. రెండూ ఉచితమే. ఇంకో మాట. ‘మమ్మల్ని చదివించింది’ అని రాశారు. అంటే మీకు తోబుట్టువులున్నారు. ఆదివారాలు అమ్మ దగ్గర ఎవరుంటారో ఈ వారమే వాళ్లను అడగండి.