షాంఘై రేవు నగరం కదా, అక్కడ బండ్ అని పిలిచే ఒడ్డు వీధి దగ్గర సముద్రం కనిపిస్తుందా?

కనిపించదు; బండ్ ముందు పారేది హువాంగ్‌పు నది. అది ఉత్తరాన ఊసోంగ్ దగ్గర యాంగ్‌సీ నదిలో కలుస్తుంది, సముద్రం ఆ తర్వాతే. చాలామంది హువాంగ్‌పునే యాంగ్‌సీ అనుకుంటారు, ఎదురుగా కనిపించే బార్జీలు, విహార పడవలు చూసి పెద్ద రేవు ఇదే అనుకుంటారు. రెండూ పొరపాటే.

యాంగ్‌సీ మోసుకొచ్చే ఒండ్రుతో నదీముఖం మేట వేస్తూనే ఉంటుంది. పూడిక తీస్తూ నిలబెట్టుకుంటున్న ఓడల దారి లోతు 12.5 మీటర్లు. ఉదాహరణకు, నిండా సరుకెక్కి 16 మీటర్లు మునిగే కంటైనర్ ఓడకు అది చాలదు. అందుకే 2005లో నడిసముద్రంలోని యాంగ్‌షాన్ దీవుల దగ్గర లోతైన రేవు తెరిచి, 32.5 కిలోమీటర్ల డోంగ్‌హాయ్ వంతెనతో షాంఘైకి కలిపారు. తమాషా ఏమిటంటే, ఆ దీవులు పక్కనున్న జెజియాంగ్ ప్రావిన్సువి!