కుట్టు లైను బాధ్యత తీసుకున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో లైన్ సూపర్‌వైజరుగా చేరావని, మీటింగుల్లో దొర్లే మాటలు సగం బోధపడటం లేదని అక్కయ్య చెప్పింది. వాటి నిర్వచనాలు కంఠస్థం చేయవద్దు; ముందుగా మూడు నాలుగింటిని నీ లైనులోనే గడియారం పట్టుకొని చూడు.

షిఫ్టులో పని జరిగేది 480 నిమిషాలు, రోజుకు కావలసినవి 240 చొక్కాలు అనుకుందాం. అప్పుడు ప్రతి 2 నిమిషాలకు ఒక చొక్కా లైను దాటాలి. దీనినే టాక్ట్ టైమ్ అంటారు. అది గిరాకీని బట్టి వచ్చే లెక్క. ఒక్కో పనికి నిజంగా పట్టే సమయం సైకిల్ టైమ్. కాలరు అతికించడానికి 3 నిమిషాలు పడుతూ, ఆ పనిలో ఒక్కరే ఉంటే, మిగిలినవారు ఎంత చురుకైనవారైనా రోజుకు 160 చొక్కాలకు మించి రావు. ఇలా లైను మొత్తాన్ని పట్టి ఉంచే చోటునే బాటిల్‌నెక్ అంటారు. అక్కడ రెండో మనిషిని, రెండో మిషనును పెడితే ఆ చోటి సామర్థ్యం 320కి పెరుగుతుంది గాని లైను 320 ఇవ్వదు. కఫ్ దగ్గర 2 నిమిషాల 15 సెకన్లు పడుతుంటే 213 దగ్గరే నిలిచిపోతుంది. కాబట్టి ఒక చోట సరిచేసిన ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచి కొలవాలి.

నేను కొత్తలో చేసిన పొరపాటు కూడా చెబుతాను. ఎవరూ ఖాళీగా కనిపించకూడదనే పట్టుదలతో, కాలరు దగ్గర పని ఆగిపోయి ఉన్నా చొక్కా చేతులు కుట్టే విభాగానికి ఓవర్‌టైమ్ ఇచ్చాను. కట్టలు నడుమెత్తున పేరుకున్నాయి. మూడు రోజుల తరువాత చూస్తే, వేర్వేరు థాన్ల గుడ్డ కలిసిపోయి చేతుల రంగు చొక్కా ఒంటి రంగుతో కలవలేదు. అప్పటికి తప్పు ఆ కుప్పంతా పాకింది. అవసరానికి మించి ముందే తయారుచేయడాన్ని టొయోటా కార్ల కంపెనీ ఇంజనీరు తైచి ఓనో వృథాలన్నింటిలోకీ పెద్దదిగా ఎందుకు లెక్కించారో ఆ కుట్లన్నీ విప్పదీస్తూ గడిపిన రాత్రి నాకు అర్థమైంది.

లైనులో సగం పనితో ఉన్న సరుకును వర్క్ ఇన్ ప్రోగ్రెస్ అంటారు. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం ఒకటి ఉంది: ఆ సరుకును రోజువారీ ఉత్పత్తితో భాగిస్తే, ఒక చొక్కా సగటున లైనులో గడిపే రోజులు తెలుస్తాయి. 800 చొక్కాలు ఉండి రోజుకు 160 వస్తుంటే 5 రోజులు. 320 మాత్రమే ఉంచితే అదే ఉత్పత్తికి 2 రోజులు చాలు. అయితే కాలరు ఆపరేటరు ముందు మాత్రం ఎప్పుడూ రెండు కట్టలు ఉండాలి, ఎందుకంటే అక్కడ పోయిన గంట లైను మొత్తానికి పోయినట్టే. భోజన విరామంలో ఆ మిషను మీద మరొకరిని కూర్చోబెట్టగలవేమో చూడు. చేతుల విభాగంవారు కాసేపు ఖాళీగా ఉంటే మేనేజరుగారు ప్రశ్నిస్తారు. అప్పుడు ఈ భాగహారాన్నే కాగితం మీద చూపించు.

దారాలు, గుండీల నిల్వ సంగతి స్టోర్సువారు చూసుకుంటారు, ప్రస్తుతానికి నీకు అక్కరలేదు. రేపు ఒక్కో పని దగ్గర పదేసి చొక్కాలకు పట్టిన సమయం వ్రాసి, ఆ కాగితాన్ని నాకు పంపు.

ఇట్లు,
మామయ్య