పాఠకుల ప్రశ్నలు: 13 అడుగుల గాలపు కర్ర

ప్రశ్న: చిన్నప్పుడు కోనసీమ కాలువల్లో గాలం వేసినవాణ్ణి. మా అబ్బాయి వచ్చే అక్టోబరులో కెనడాలోని బల్క్‌లీ నదికి స్టీల్‌హెడ్ అనే చేపల వేటకు తీసుకువెళతానంటున్నాడు. రెండు చేతులతో పట్టే 13 అడుగుల రాడ్ వాడాలట, చేప తగిలినా లాగకూడదట. ఈ వయసులో ఇది నా చేతికి లొంగుతుందా?
– ఒక పాఠకుడు, జయనగర్, బెంగళూరు

జవాబు: లొంగుతుంది. కాకపోతే కాలువగట్టున నేర్చినదాన్ని ముందు కొంత మరచిపోవాలి. అక్కడ ఎరను దూరం మోసుకువెళ్లేది సీసపు గుండు. ఇక్కడ ఎర అంటే గాలానికి ఈకలు, దారాలు చుట్టి కట్టిన కృత్రిమ ఎర; అది ఈకంత తేలిక కనుక బరువంతా లైన్‌లోనే ఉంటుంది. 7వ నంబరు రాడ్‌కు (ఆ నంబరు అది మోసే లైన్ బరువును సూచిస్తుంది) తొడిగే స్కాజిట్ అనే పొట్టి, బరువైన రకం లైన్ తల భాగం సుమారు 500 గ్రెయిన్లు, అంటే 32 గ్రాముల పైచిలుకు తూగుతుంది. ఒంటిచేతి రాడ్‌తోనైతే లైన్‌ను మీ వెనక గాలిలో పూర్తిగా పరవాలి; ఆ నదుల గట్ల మీద చాలాచోట్ల నీటి అంచుదాకా చెట్లే ఉంటాయి. స్కాట్లండ్‌లోని స్పే నది పేరుతో చెలామణి అవుతున్న విసురు ఈ ఇబ్బందిలోంచి పుట్టిన ఉపాయం. లైన్‌ను నీటి మీదుగా మీ పక్కకు తెచ్చి, దాని కొస ఇంకా నీటిని అంటిపెట్టుకుని ఉండగానే రాడ్‌ను వెనక్కి తిప్పితే, మిగిలిన లైన్ విల్లులా వంగి వెనక వేలాడుతుంది. నీటి పట్టు ఆసరాగా రాడ్ వంగి, దాన్ని ముందుకు విసురుతుంది. అప్పుడు పై చెయ్యి ఇరుసు మాత్రమే. బలమంతా కింది చేతిని పొట్ట వైపుకు లాగడంలో ఉంది. కొత్తవారు పై చేత్తో నెడతారు, లైన్ కాళ్ల ముందే కుప్పపడుతుంది. అపార్ట్‌మెంట్ పచ్చికలో సాధన చేయకండి, గడ్డికి నీటి పట్టు ఉండదు. తెలిసినవారి తోటలో కుంట ఉంటే, అడిగి, గాలానికి బదులు ఎర్ర ఊలు ముక్క కట్టి, మోకాటి లోతులో నిలబడండి.

ఇక లాగడం సంగతి. స్టీల్‌హెడ్ అంటే సముద్రానికి వెళ్లి తిరిగివచ్చే రెయిన్‌బో ట్రౌటే. గుడ్లు పెట్టడానికి నది ఎక్కే చేపకు మేత మీద పెద్దగా ధ్యాస ఉండదు. వెయ్యి విసుర్లకు ఒక చేప అన్న మాట అందుకే వచ్చింది. నదికి అడ్డంగా, కాస్త దిగువకు విసిరి లైన్‌ను బిగువుగా ఉంచితే, ఎర ప్రవాహంలో వంపు తిరిగి మీ గట్టు వైపుకు వస్తుంది. రెండడుగులు దిగువకు నడిచి మళ్లీ విసరాలి. చేప ఎరను కరిచి తన తావుకు వెనుదిరిగినప్పుడే గాలం దవడ మూలలో దిగుతుంది. ఎగువన నిలబడి టక్కున లాగితే దాని నోట్లోంచి ఎరను ఊడదీసినట్లే. బెండు మునగగానే లాగడానికి అలవాటుపడిన నా మణికట్టు ఈ సంగతి తెలుసుకునేసరికి రెండు చేపలు పోయాయి. రీల్ తిరిగి, బరువు నిలిచాక, రాడ్‌ను పైకెత్తకుండా గట్టు వైపుకు వాల్చండి.

బల్క్‌లీ ఉన్న బ్రిటిష్ కొలంబియా రాష్ట్రపు నదుల్లో ఎదురు ముల్లు లేని గాలమే వాడాలి. నదిలో సహజంగా పుట్టిన స్టీల్‌హెడ్‌ను తప్పనిసరిగా వదిలిపెట్టాలి. బల్క్‌లీ కలిసే స్కీనా నదిలో 2021 శరదృతువున చేపలు బాగా తగ్గడంతో వేటను మధ్యలోనే ఆపేశారు. టికెట్లు కొనే ముందు ఆ ఏటి నిబంధనలు చూడమని మీ అబ్బాయికి చెప్పండి.

ప్రశ్న: ఈ ఎరలకు అడవికోడి మెడ ఈకలు శ్రేష్ఠమంటారు. నీలగిరిలోని బంధువుల ద్వారా తెప్పించుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, మైలాపూర్, చెన్నై

జవాబు: వద్దండి. మైనపు చుక్కల్లాంటి మచ్చలున్న ఆ ఈకలు మన దక్షిణాది బూడిదరంగు అడవికోడివి; దానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. పైగా స్టీల్‌హెడ్‌కు అవి అక్కరలేదు. గ్రీన్ బట్ స్కంక్ అనే పాత ఎరనే చూడండి: ఎర్ర ఈక పోగుల తోక, దాని ముందు ఆకుపచ్చ ముడి, నల్ల షెనీల్ (నూగు) దారపు ఒళ్లు, దానిపై వెండి జరీ చుట్లు, మెడకు నల్ల ఈక, పైన తెల్ల వెంట్రుకల రెక్క. చెయ్యి తిరిగేదాకా నల్ల నాటుకోడి పుంజు మెడ ఈకను షాంపూతో కడిగి ఆరబెట్టి వాడుకోండి. రెక్కకు తెల్ల మేక వెంట్రుకలు చాలు. గాలం కన్ను దగ్గర రెండు మిల్లీమీటర్లు ఖాళీ వదలకపోతే చివరి ముడికి చోటు మిగలదు.